మామయ్య గేటుకు అడ్డం పడ్డ పిరమిడ్

పిరమిడ్లను ఎవరు కట్టారన్న విషయం మీద వాదించి పెళ్ళి చెడగొట్టుకున్నవాడు నాకు తెలిసి చరిత్రలో లేడు. ఆ ఖాళీని నేను భర్తీ చేయబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. పెళ్ళొక్కటే అయితే నా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి. ఒక గుడి ధ్వజస్తంభం, ఒక కాలనీ భక్తి, ఒక పెద్దమనిషి పరువు, నన్ను నమ్మిన విద్యార్థుల కొత్త ప్యాంట్లు, ఇవన్నీ ఒకే ఆదివారం ఉదయం నా చేతిలోని నీళ్ళ పైపు కొసన వేలాడాయి. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో వాళ్ళందరూ నవ్వడం అయిపోయింది, ఇక మిగిలింది మీరే.

అప్పట్లో నేను హబ్సిగూడలోని ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పేవాణ్ణి. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు. నా క్లాసు మధ్యాహ్న భోజనం తర్వాత. కడుపులో అన్నం, కిటికీలోంచి వెచ్చటి ఎండ, పైన జోలపాటలా తిరిగే ఫ్యాను. పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. నిజం చెప్పాలంటే నేనూ సగం నిద్రలోనే పాఠం చెప్పేవాణ్ణి. నా నిద్ర మాత్రం ఈజిప్టులో సాగేది. బోర్డు మీద ‘మౌర్యుల పరిపాలన’ అని రాసి కిటికీ వైపు తిరిగానంటే, వంతెన మీద వెళ్ళే మెట్రో రైలు నాకు నైలు నది మీద సున్నపురాళ్ళు మోసుకుపోయే పడవలా కనిపించేది. కింద కొబ్బరిబోండాల బండి ఖర్జూరపు తోటగా మారిపోయేది. ఒకసారి ఆ మైకంలో, “అశోకుడు నైలు ఒడ్డున శాసనాలు వేయించాడు” అని చెప్పేశాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. రాసుకున్నారు.

ఆ సెంటర్‌లోనే స్రవంతి ఫిజిక్స్ చెప్పేది. ఆమె క్లాసులో ఎవరూ నిద్రపోయేవారు కాదు, భయం. నేను కలలో నడిచే మనిషిని, ఆమె మెలకువలో పరుగెత్తే మనిషి. స్టాఫ్ రూంలో టీ చల్లారబెట్టుకుంటూ నేను ఈజిప్టు కబుర్లు చెబుతుంటే, “నువ్వు ముందు చాయ్ తాగు, వాళ్ళు ఎట్లనో గట్ట కట్టుకుంటరు” అనేది. ఆ మాటలోనే నాకు ప్రేమ వినిపించింది. ఏడాది తర్వాత ఆమెకూ వినిపించింది.

స్రవంతి వాళ్ళది నాచారం పాత ఊరి కుటుంబం. తాతల నాటి పొలాలు ఫ్యాక్టరీల కిందికి పోయాక వాళ్ళ నాన్న మల్లేశం గారు ఒక క్రేన్ కొన్నారు. ఫ్యాక్టరీల్లో యంత్రాలు దించడానికీ, పీర్జాదిగూడ అపార్ట్‌మెంట్ల పనులకీ దాన్ని అద్దెకిచ్చేవారు. ఆ పసుపుపచ్చ క్రేన్ అంటే ఆయనకు పెద్దకొడుకు లెక్క. ప్రతి శుక్రవారం దానికి నిమ్మకాయలు కట్టేవారు, దసరాకు గుమ్మడికాయ కొట్టేవారు. నన్ను ఇంటికి పిలిచిన రోజున ముందు చూపించింది ఆ క్రేన్‌నే. కూతుర్ని ఎలాగూ నేను చూసే ఉన్నానని ఆయన ఉద్దేశం కాబోలు.

మాది గోదావరి వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డ కుటుంబం. మాటలో తేడా, పప్పులో పులుపు తేడా. అందుకని స్రవంతి నన్ను మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబెట్టి ముందే పాఠం చెప్పింది.

“నాయిన ఏమంటే దానికి తలూపు. ఎదురు మాట్లాడకు. తిను, నవ్వు, పెండ్లి మాటెత్తు, వచ్చెయ్యి. సమజయిందా?”

“అయింది.”

“మల్ల చెప్పు.”

“తినాలి, నవ్వాలి, ఎత్తాలి, వచ్చేయాలి.”

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరు మూసుకుంటే మామ కూడా మంచివాడవుతాడని ఆ రోజు నాకు తెలియదు.

బగార అన్నం, మటన్ కూర. అత్తమ్మ అంజమ్మ గారు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. అంతా పూలబాటలా సాగుతోంది. అప్పుడు మల్లేశం గారు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ తల పైకెత్తారు.

“ఏం సారూ, నువ్వు హిస్టరీ సార్‌వు గదా. గీ పిరమిడ్లు ఎవలు గట్టిన్రు?”

పాఠకులారా, ఈ ప్రశ్నకు సరైన జవాబు ‘మీరే చెప్పండి అంకుల్’. ప్రపంచంలోని ఏ కాబోయే మామగారు ఏ ప్రశ్న అడిగినా సరైన జవాబు అదే. కానీ నా చెవిలో ‘పిరమిడ్’ అన్న మాట పడింది. నా కళ్ళ ముందు బగార అన్నం ఇసుక దిబ్బలా లేచింది. మటన్ పులుసు నైలులా పారింది.

“ఈజిప్టు మనుషులే కట్టారండీ. కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పడవలవాళ్ళు” అన్నాను.

“ఉత్తదే” అన్నారాయన. “గంతంత బండలు మనుషులు లేపుతరా? నేను ఇరవై ఏండ్ల సంది బండలు లేపుతున్న. క్రేన్ లేకుంట కాదు. మరి అప్పట్ల భూమి మీద క్రేన్ లేకుండె. అంటే ఏంది? పైకెల్లి ఎవలో వచ్చిన్రు.” ఆయన చెంచాతో సీలింగ్ ఫ్యాను వైపు చూపించారు.

టేబుల్ కింద స్రవంతి నా కాలు తొక్కింది. నేను దాన్ని ప్రోత్సాహం అనుకున్నాను.

“సాక్ష్యాలున్నాయండీ. పిరమిడ్ల పక్కనే పనివాళ్ళ ఊరు బయటపడింది. రొట్టెలు కాల్చిన పొయ్యిలు, తిని పారేసిన పశువుల ఎముకలు కుప్పలు కుప్పలుగా దొరికాయి.”

“బొక్కలు దొరికితే? మా షెడ్డు ఎనుక గూడ కుక్కలు కొరికేసిన బిర్యాని బొక్కలు దొరుకుతయ్. గా కుక్కలే నా క్రేన్ తయారు జేసినయా?”

అంజమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను తగ్గలేదు.

“పనివాళ్ళ సమాధులు కూడా అక్కడే ఉన్నాయండీ. విరిగి అతుక్కున్న ఎముకలు, అరిగిపోయిన వెన్నుపూసలు. రాళ్ళ మీద వాళ్ళ జట్ల పేర్లు కూడా రాసుకున్నారు.”

“మా గోడ మీద గూడ రాస్తరు సారూ. ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాసినోడే గోడ గట్టిండా?”

“పోనీ, పైనుంచి వచ్చినవాళ్ళే కట్టారనుకుందాం. మరి వాళ్ళ యంత్రాల ముక్క ఒక్కటైనా అక్కడ దొరకాలి కదా?”

మల్లేశం గారు నా వైపు జాలిగా చూశారు. “పని అయినంక క్రేన్‌ను ఎవడన్న ఆడనే ఇడిసిపెట్టి పోతడా? పీర్జాదిగూడల పని అయినంక నేను నా క్రేన్ వాపస్ తెచ్చుకోనా?”

ఈ వాదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఉన్నవాళ్ళెవరైనా దయచేసి నాకు చెప్పండి, ఆయనకు చెప్పకండి.

చివరి అస్త్రంగా ఒక సమాధి గోడ మీది బొమ్మ సంగతి తీశాను. పెద్ద రాతి విగ్రహాన్ని చెక్కబండి మీద పెట్టి, వందలమంది తాళ్ళతో లాగుతుంటారు. బండి ముందు ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. తగినంత తడిసిన ఇసుక మీద బరువు సగం శ్రమతోనే జారుతుంది. ఆ బొమ్మ గురించి చెబుతుంటే నా గొంతు నాకే తియ్యగా వినిపించింది. ఆ నీళ్ళు పోసేవాడు నేనే అయినట్టు, ఎండకు మెరిసే ధార నా చేతిలోంచే జారుతున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిచేసరికి మల్లేశం గారు లేచి చెయ్యి కడుక్కుంటున్నారు.

“మాటలు గాదు సారూ. సందు మొదట్ల ఖాళీ జాగాల మా గ్రానైట్ దిమ్మె ఉంది. క్రేన్‌కు బరువు పరీక్ష పెట్టే రాయి. దాన్ని గా కరెంటు స్తంభం దాంక క్రేన్ లేకుంట ఈడ్వు. ఈడిస్తే మనుషులే గట్టిన్రని నమ్ముత. వచ్చే ఆదివారం పొద్దుగాల్నే రా. ఆ తర్వాత నాకు పీర్జాదిగూడ గుడికాడ పని ఉంది, ధ్వజస్తంభం నిలబెట్టాలె.”

“తప్పకుండా!” అన్నాను.

బయటికి వచ్చాక స్రవంతి నాకంటే ముందు గబగబా నడిచింది. స్టేషన్ దగ్గర ఆగి అన్నది: “పెండ్లి మాటెత్తుతవని పిలిస్తే రాయెత్తుత అని వచ్చినవేంది?”

ఆలు లేదు చూలు లేదు, అల్లుడి పేరు పిరమిడ్ లింగం. నా పరిస్థితి అది.

రాయి లాగడానికి మనుషులు కావాలి. నా బ్యాచ్‌ను అడిగాను. “ఈ ప్రశ్న పరీక్షలో తప్పకుండా వస్తుంది. కళ్ళారా చూసినవాడు జన్మలో మరిచిపోడు” అని నమ్మించాను. క్లాసులో లేవని పిల్లలు ఆదివారం లేచి వచ్చారు. అంతటి గురుభక్తికి నేను తగినవాణ్ణి కాదని అదే రోజు తేలిపోయింది.

కూలగొట్టిన పాత ఇంటి టేకు తలుపు ఒకటి సంపాదించి, కింద రెండు దూలాలు బిగించి చెక్కబండి చేశాం. మల్లేశం గారి ఎదురింట్లో మేడ కడుతున్న ఆయన్ను బతిమాలి ఇసుక తెచ్చుకున్నాం. చిక్కల్లా రాయిని బండి మీదికి ఎక్కించడంలో వచ్చింది. ఎంతమంది పట్టినా అది చలించలేదు. చివరికి శనివారం సాయంత్రం మల్లేశం గారి క్రేనే వచ్చి ఆటవస్తువులా ఎత్తి పెట్టింది.

“ఇగో, మొదలే నా క్రేన్!” అని ఆయన మీసం దువ్వారు.

“ఎత్తడం లెక్కలోకి రాదు, లాగడమే పందెం” అన్నాను. అది విన్న క్రేన్ డ్రైవర్ ఖాజా నవ్వుతూ క్రేన్‌ను షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఎప్పటిలాగే ముక్కు లోపలికి, తోక గేటు వైపు పెట్టి ఆపాడు. రోజూ వెనక్కే బయటికి తీస్తాడు. షెడ్డులో తిప్పడానికి జాగా లేదు.

ఆదివారం తెల్లవారింది. మాఘమాసపు మంచు నాచారం మీద పాలమీగడలా పరుచుకుని ఉంది. ఫ్యాక్టరీ గొట్టాలు సగం దాకా మాయమై, రాజుల కాలపు స్తంభాల్లా నిలబడ్డాయి. ఎక్కడో చాయ్ బండి మీద స్టవ్ చప్పుడు. పాల ప్యాకెట్ల అబ్బాయి సైకిల్ బెల్లు కూడా దూరదేశం నుంచి వచ్చినట్టు వినిపించింది. ఆ సందు ఖాళీ జాగా దగ్గర మొదలై, సన్నటి వాలుతో మల్లేశం గారి షెడ్డు గేటు దాకా దిగుతుంది. ఆ సిమెంటు రోడ్డు మీద మేము పరిచిన ఇసుక, మంచులో బూడిద రంగు నదిలా ఉంది. తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని, బోరు పైపు చేతబట్టి, బండి ముందు నిలబడ్డాను. అచ్చం ఆ బొమ్మలోని మనిషిలా. కనీసం నాకలా అనిపించింది. స్రవంతి మాత్రం హోటల్ ముందు వాకిలి కడిగేవాడిలా ఉన్నానన్నది.

మల్లేశం గారు గేటు పక్కన కుర్చీ వేసుకుని, పట్టు అంచు పంచెలో, చాయ్ గ్లాసుతో కూర్చున్నారు. గుడికి వెళ్ళాలి కదా, అప్పటికే తయారైపోయారు.

“తడవాలె, తేలొద్దు” అని స్రవంతి నా చెవిలో చెప్పింది. “ఇసుక ముద్ద కట్టేటంత నీళ్ళు చాలు. ఎక్కువైతే బురదయితది. వింటున్నవా?”

“వింటున్నాను.”

“ఏమన్న?”

“బురద.”

పిల్లలు తాళ్ళు పట్టారు. నేను పైపు వదిలాను. ఇసుక రంగు మారింది.

“ఐలేసా!”

కదలలేదు.

“సార్, ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?” అని ఒకడు అడిగాడు.

“ఐలేసా!”

అప్పుడు కదిలింది.

ఇంత హాస్యం మధ్యలో ఒక్క మాట నిజంగా చెప్పనివ్వండి. అంతటి బరువు మనుషుల చేతుల్లో కదిలినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. పట్టుచీర పెట్టెలోంచి జారినంత మెత్తగా, సర్రుమని ఒక్క శబ్దం. పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. మల్లేశం గారి గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. వేల ఏళ్ళ కిందట ఒక పొద్దున ఎవరో విన్న చప్పుడు ఆ సందులో మళ్ళీ వినబడింది. నా ఒళ్ళు పులకరించింది. కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి.

మూతపడ్డాయి కదా, అక్కడే అంతా చెడింది.

కళ్ళు మూస్తే నైలు. రెల్లు పొదలు, కొంగలు, పడవల తెరచాపలు. నా చేతిలోంచి ధార పోతూనే ఉంది. దూరంగా ఎవరో ఆడమనిషి, రాణి కాబోలు, “చాలు! చాలు! భాస్కర్, చాలు!” అంటోంది. ఎంత చక్కటి గొంతు అనుకున్నాను. రాణిగారికి నా పేరెలా తెలుసా అని కూడా అనుకున్నాను.

తెలివి వచ్చేసరికి నైలు నా మడమలు దాటింది. ఇసుక పల్చటి బురదై వాలు వెంట జారిపోయింది, కింద నున్నటి సిమెంటు తేలింది. బండి లాగకుండానే నడవడం మొదలుపెట్టింది.

“పట్టుకోండిరా!” అని అరిచాను.

“సార్, జరుగున్రి!” అని అరిచి వాళ్ళు తాళ్ళు వదిలేశారు. తెలివైన పిల్లలు, తరువాత చాలామందికి ఉద్యోగాలు వచ్చాయి.

నేను పక్కకు దూకాను. పైపు మాత్రం వదల్లేదు, అందువల్ల నీళ్ళ ధార ఒక చుట్టు తిరిగి, సందులో ఉన్నవాళ్ళందరికీ సమానంగా అందింది. గ్రానైట్ దిమ్మె నా పక్క నుంచి వెళ్ళింది. తొందర లేదు. ఊరేగింపు గుర్రం మీద కూర్చున్న పెళ్ళికొడుకులా, హుందాగా, మంచును చీల్చుకుంటూ దిగింది. కరెంటు స్తంభాన్ని దాటింది. పందెం నేను గెలిచాను! ఇంకా దాటింది. మల్లేశం గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. తెరిచి ఉన్న గేటు రెండు స్తంభాల మధ్యకు దిమ్మె వెళ్ళి, టేకు తలుపు ఫటేల్మని విరిగి, దభీమని కూలబడింది.

అటు ఒక బెత్తెడు సందు, ఇటు ఒక బెత్తెడు సందు. కొలిచి పెట్టినట్టు కూర్చుంది.

గేటు లోపల క్రేన్, గేటులో రాయి.

పైపు నీళ్ళ చప్పుడు ఒక్కటే. స్రవంతి వెళ్ళి మోటార్ ఆపింది.

“క్రేన్‌తోనే ఎత్తేయొచ్చు కదా?” అని మీరడుగుతారు. ఆ రోజు సందులో అందరూ అడిగారు. ఖాజా అందరికీ ఓపికగా చెప్పాడు: “క్రేన్ ముక్కు అటు ఉన్నది అన్నా, రాయి తోక దిక్కున్నది. తోకతో ఎట్ల లేపుత?”

అప్పుడు మల్లేశం గారి ఫోన్ మోగింది. గుడి పంతులు గారి గొంతు బయటికే వినిపించింది. “మల్లేశం గారూ, హోమం అయిపోవస్తోంది. జనం వచ్చేశారు. ముహూర్తం దాటితే మళ్ళీ చాన్నాళ్ళ దాకా లేదు. క్రేన్ బయల్దేరిందా?”

మల్లేశం గారు నన్ను చూశారు. రాయిని చూశారు. “బయలెల్లింది పంతులూ, గేటు దాంక వచ్చింది” అన్నారు. అబద్ధం కాదు.

ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం చూసి నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆ గుడికి క్రేన్ ఊరికే పంపుతానని ఆయన మొక్కుకున్నారు. ఊరందరికీ చెప్పుకున్నారు. అంబర్‌పేటలోని స్నేహితుడికి ఫోన్ చేశారు, ఆయన క్రేన్ ఇంకో పనిమీద ఉంది. జేసీబీ అతను పెళ్ళికి ఊరెళ్ళాడు. ముహూర్తాల నెల, పైగా ఆదివారం.

“నా ఇజ్జత్ పాయె” అని కుర్చీలో కూలబడ్డారు. పట్టు అంచు నిండా బురద.

“అంకుల్, నన్ను...” అన్నాను.

“నువ్వు మాట్లాడకు సారూ. నువ్వు మాట్లాడే గిది అయింది.”

నేను నిజంగానే ఏదైనా పిరమిడ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకోవాలనుకున్నాను. స్రవంతి మాత్రం చున్నీ నడుముకు బిగించింది.

“నాయినా, లే. క్రేన్ లేదనుకో. మనం గూడ పాతకాలపోళ్ళమనుకో. ఈడ్చుడొక్కటే దారి.”

“మీదికి ఈడ్వాల్నా? గా ఎత్తుకు? మనుషులతోని కాదు బిడ్డా.”

“శానా దూరం వద్దు. గేట్లకెల్లి ఎనుకకు గుంజి, పక్కకు తిప్పుదాం. క్రేన్ పట్టేంత తోవైతే చాలు. ఖాజన్నా, గడ్డపారలు తే. పిల్లలూ, పలకలు తీయండి. భాస్కర్, నువ్వు పైపు ముట్టకు.”

గడ్డపారలతో దిమ్మెను కొద్ది కొద్దిగా లేపి, కింద షెడ్డులోని దుంగలూ పలకలూ దూర్చారు. దారిలో మళ్ళీ పొడి ఇసుక పోశారు. అప్పటికి సందు సందంతా వచ్చేసింది. చెడిపోయిన పని చూడటానికి మనవాళ్ళను పిలవాల్సిన పని లేదు కదా! కూరగాయల బండి అతను బండి వదిలి వచ్చాడు. ఎదురింటాయన తన ఇసుక ఏమైందో చూడ్డానికి వచ్చి తాడు పట్టాడు. నీళ్ళు పోసే ఉద్యోగం నా దగ్గర నుంచి ఊడి అంజమ్మ గారికి దక్కింది. ఆమె బకెట్, చెంబు తెచ్చుకుని, వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు చిలకరించారు. ఇసుక తడిసింది, తేలలేదు.

నాకు తాడు కొస దొరికింది. నా ముందు మల్లేశం గారు, పంచె ఎగ్గట్టి. ఆయన వీపు నా ముక్కుకు తగులుతోంది.

“ఐలేసా!”

ఏమీ కాలేదు.

“ఐలేసా!”

తాడు కిర్రుమంది. అరచేతులు మండాయి. అప్పటిదాకా నేను ఈజిప్టును చూసే కలల్లో ఎప్పుడూ నీళ్ళు పోసేవాణ్ణో, పడవ మీద నిలబడేవాణ్ణో. తాడు పట్టుకున్నవాణ్ణి ఒక్కసారీ కాలేదు. తాడు పట్టుకున్నవాడికి నైలు కనిపించదు, ముందువాడి వీపే కనిపిస్తుంది. ఆ వీపు వణుకుతూ ఉంటుంది. దాన్ని చూసి వదలబుద్ధి కాదు, అంతే.

“ఇంకొక్కపారి! ఐలేసా!” అని ఈసారి పదం పాడింది మల్లేశం గారు. ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో! పొలాల కాలం నాటి గొంతు. అందరి ఊపిరీ ఆ ఒక్క మాట మీదకు వచ్చి నిలిచింది. మంచు విడిపోయి సందులోకి లేత ఎండ దిగింది. సర్రుమని అదే మెత్తని చప్పుడు. దిమ్మె వెనక్కి జరిగింది. మళ్ళీ జరిగింది. గేటు దాటి, పక్క గోడ వారగా తిరిగి, మేకపిల్లలా ఒదిగి కూర్చుంది.

ఎవరూ ఈల వేయలేదు. ఒక్క క్షణం అందరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఖాజా ఒక్కడే కల నుంచి ముందు లేచాడు. క్రేన్ గుర్రుమంటూ వెనక్కి వచ్చింది, బురద పంచెతోనే మల్లేశం గారు ఎక్కి కూర్చున్నారు. దాని మీద నిమ్మకాయలు ఊగుతూ ఉప్పల్ రోడ్డు వైపు వెళ్ళిపోయాయి.

ధ్వజస్తంభం ముహూర్తానికే నిలబడిందని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మల్లేశం గారి పంచె మీద బురద చూసి, ఆయన పొర్లుదండాలు పెట్టి వచ్చారనుకుని అక్కడ నలుగురు కాళ్ళకు దండం పెట్టారట.

పిల్లలు వెళ్ళిపోయారు. నేను సందంతా ఊడ్చి, కడిగి, కడగడానికి కూడా పైపు ముట్టకుండా బకెట్‌తోనే కడిగి, ఆ దిమ్మె పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతున్నాను. మధ్యాహ్నపు ఎండలో క్రేన్ తిరిగి వచ్చింది. మల్లేశం గారు దిగి, నా చేతిలో పులిహోర పొట్లం పెట్టి, దిమ్మె మీద కూర్చున్నారు. కందిన అరచేతులు చూసుకుంటూ ఉన్నారు.

ఇక్కడైనా నేను ఊరుకోవాలి. ఊరుకున్నానా?

“ఇప్పుడు నమ్ముతారా అంకుల్? మనుషులే కట్టారని?”

లోపలి నుంచి స్రవంతి “అయ్యో దేవుడా” అనడం వినిపించింది.

మల్లేశం గారు నిదానంగా తలూపారు. “నమ్మిన. నా చేతులతోని గుంజిన, నమ్మకుంటే ఎట్ల? పైకెల్లి ఎవలూ రాలే. మనుషులే.” ఆయన దిమ్మెను అరచేత్తో తట్టారు. “గని సారూ, ఎవలు గట్టిన్రో నువ్వు చెప్పినవ్, ఎందుకు గట్టిన్రో నీకు ఎరుక లేదు. అది నాకు ఇయ్యాల సమజయింది.”

“ఎందుకండీ?” అన్నాను.

“గా రాజుకు గూడ నీ అసొంటి అల్లుడు దొరికుంటడు. మొదటి బండ తెచ్చి తొవ్వకు అడ్డం ఏసిండు. ఇగ తియ్యనీకి ఎవనితోని కాలే. ఇజ్జత్ పోతదని ఏం జెయ్యాల్నో తెల్వక, మిగిలిన బండలు దాని మీద పేర్చిన్రు. చూసినోళ్ళు అబ్బా అన్నరు.”

నేను ఆ మాటలన్నిటిలో ఒక్క ‘అల్లుడు’ దగ్గరే ఆగిపోయాను. ఆయనా అది గమనించి లేచారు.

“మీ నాయినను తోలుకరా మాట్లాడుదాం. రాయి మాట గాదు, పెండ్లి మాట” అని లోపలికి వెళ్ళిపోయారు.

పెళ్ళయింది. అందువల్ల ఈజిప్టు నిద్రల నుంచి కాస్త తేరుకుని, నైలు నది సాక్షిగా, అది మరీ దూరమనుకుంటే మా ఉప్పల్ మెట్రో సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో మామయ్య ఎదుట ఏ కట్టడం గురించీ సాక్ష్యాధారాలు ఎత్తను. చార్మినార్ ఎవరు కట్టారన్నా ‘మీరే చెప్పండి మామయ్యా’ అంటాను. మా ఇంటి బాత్రూం గోడ ఎవరు కట్టారన్నా అదే అంటాను. నీళ్ళ పైపు పట్టుకుని కళ్ళు మూయను, కళ్ళు మూసి నీళ్ళ పైపు పట్టను.

ఈ ప్రమాణానికి కట్టుబడే ఉన్నాను. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మామయ్య ఫోన్‌లోంచి తల పైకెత్తి, “ఏం అల్లుడూ, చంద్రుని మీదికి మనుషులు నిజంగ పోయిన్రంటవా?” అని అడిగారు. టేబుల్ కింద స్రవంతి కాలు నా కాలి మీద బరువుగా దిగింది.

“అత్తమ్మా, బగార అన్నం ఇంకొంచెం వేయండి” అన్నాను.